ఎవరి తట్టలో ఎంత

విరూపాక్షానికి తర్కం బాగా వచ్చు. పరదేశిస్వామి దగ్గరకు రాకముందు కాశీలో కొన్నేళ్లు చదువుకున్నాడు. ఇద్దరు పోట్లాడుకుంటూ వస్తే చాలు, ఎవరి మాటలో పస ఉందో ఎవరి మాట డొల్లో ఇట్టే తేల్చి పంపేవాడు. గోదావరి నడుమ లంకలో ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి జనం స్వామి కోసం వచ్చేవారు. తగవులు మాత్రం విరూపాక్షం దగ్గరకు, వాళ్లు పిలుచుకునే చిన్నస్వామి దగ్గరకు, తెచ్చేవారు. స్వామి వద్దనలేదు. మెచ్చుకోనూ లేదు.

ఆ ఏడు వేసవి చివర్లో వచ్చిన తగవు మాత్రం అతనికి కొరుకుడు పడలేదు.

కిందటి వరదకు ఏటిగట్టు ఒకచోట సగం కోసుకుపోయింది. మళ్లీ వరద వచ్చేలోగా అక్కడ మట్టి పోసి ఎత్తు చెయ్యకపోతే గోదారి ఊరి మీదకే వస్తుంది. గట్టు పనికి ఇంటింటికీ సమానంగా వంతు వేసుకోవడం తాతల నాటి పద్ధతి. మనిషిని పంపలేని ఇల్లు ఆ పనికి సరిపడా ధాన్యం ఇచ్చుకోవాలి. ఈసారి ఊళ్లో కుర్రకారు అడ్డం తిరిగారు. పెద్ద తోటలవాళ్లకు రాబడి ఎక్కువ కాబట్టి వంతూ ఎక్కువ ఉండాలన్నారు. అది రాబడితో పాటు పెరిగితే కూడా చాలదట. పదింతల రాబడి ఉన్నవాడు ఇరవై ఇంతలు మొయ్యాలట. తోటలవాళ్లు ససేమిరా అన్నారు. నాలుగు సార్లు కూర్చున్నా తెగలేదు. చివరికి రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం కలిశాయి. చిన్నస్వామి ఏది న్యాయమంటే అదే చేస్తామన్నాయి.

ఆ మాటకు విరూపాక్షం లోలోపల పొంగిపోయాడు. ఆలోచించి చెబుతానన్నాడు గాని, తీర్పు అప్పటికే అతని మనసులో ఉంది. ఉన్నవాడు ఎక్కువ మొయ్యాలి. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా రెండు వైపులా వినకుండా చెబితే బాగుండదని మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు.

ముందు అడబాల పట్టాభిరామయ్య ఇంటికి వెళ్లాడు. లంకలో సగం కొబ్బరితోటలు ఆయనవే. ఆయన అరుగు మీద చాప వేయించి, బొండం కొట్టించి ఇచ్చి, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడాడు. కోప్పడి ఉంటే విరూపాక్షానికి పని తేలికయ్యేది.

ఇంటింటికీ సమానం అనే పాత పద్ధతి తనకూ నచ్చదన్నాడు పట్టాభి. తనకు పదింతలు ఉంది, పదింతలు మోస్తాడు. దానికి పేచీ లేదు.

"పదికి పది అంటే లెక్కండి చిన్నస్వామి గారూ. పదికి ఇరవై అంటే లెక్క కాదండి, నా మీద కోపం. రేపు ముప్పై అంటారు. ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారండి?"

విరూపాక్షం బొండం కింద పెట్టాడు.

పట్టాభి ఇంకో సంగతీ చెప్పాడు. తన ఇల్లు మెరక మీద ఉంది. ఎంత వరదొచ్చినా మెట్ల దాకా వచ్చి తిరిగిపోతుంది. కొబ్బరిచెట్లు నాలుగు రోజులు నీళ్లలో నిలబడినా చావవు. ఒండ్రు పడితే మరుసటేడు కాపు పెరుగుతుంది కూడా. గట్టు తెగితే కొట్టుకుపోయేవి పల్లంలో పాకలు. గట్టు ఎవరిని ఎక్కువ కాస్తోందో వాళ్ల మీద తక్కువ బరువూ, తన మీద ఎక్కువ బరువూ ఏ శాస్త్రంలో ఉందో చెప్పమన్నాడు. ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

అరుగు దిగేసరికి విరూపాక్షం తీర్పు ఒక పక్కకు ఒరిగింది.

దాన్ని నిలబెట్టుకుందామని నేరుగా పల్లంలోకి నడిచాడు. అక్కడ బుల్లిమంగ అని ఒక మనిషి ఉంది. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. కొబ్బరిపీచుతో తాళ్లు పేని అమ్ముకుంటుంది. కుర్రకారు గొంతు చించుకుంటున్నది ఇలాంటివాళ్ల కోసమే. విరూపాక్షం వెళ్లేసరికి పాక ముందు కూర్చుని పేనుతోంది. వంతు బరువు ఎలా ఉంటుందని అడిగాడు.

మట్టి మొయ్యడానికి వెళ్లిన రోజు తాడు ఉండదని, తాడు లేని రోజు పొయ్యి వెలగదని ఆమె చెప్పింది. పట్టాభి గారు కూలివాణ్ని పంపుతారు, ఆయన కంచంలో మెతుకు తగ్గదు అంది. ఈ మాటలకు విరూపాక్షానికి ప్రాణం లేచొచ్చింది. తన తీర్పు తనకు తిరిగి దొరికినట్టయింది. అయితే నీ వంతు పూర్తిగా తీసేయిస్తానమ్మా అన్నాడు.

బుల్లిమంగ చేతుల్లో తాడు ఆగింది.

"తీసెయ్యకండి అయ్యగారూ. మట్టి మొయ్యనోళ్లకి గట్టు మీద మాట ఉండదండి. అందరితో సమానంగా నాకూ వెయ్యండి."

"ఇప్పుడే కదా, పొయ్యి వెలగదన్నావు?"

"అదీ నిజమేనండి" అంది ఆమె. మళ్లీ పేనడంలో పడింది.

విరూపాక్షం అక్కడి నుంచి ఏటిగట్టు మీదుగా ఆశ్రమానికి బయల్దేరాడు. దారి పొడుగునా మనసులో ఒక్కొక్క న్యాయాన్నీ నిలబెట్టి చూసుకున్నాడు. అందరికీ సమానమంటే బుల్లిమంగ పొయ్యి ఆరిపోతుంది. మేలు పొందినవాడే మొయ్యాలంటే పాకలవాళ్లే అందరికంటే ఎక్కువ మొయ్యాలి. అది నోటితో అనడానికే సిగ్గుగా ఉంది. రాబడిని మించి మొయ్యాలంటే ఎక్కడ ఆగాలో తెలియదు. లేనివాళ్లకు వంతే వద్దంటే వాళ్ల నోరు నొక్కినట్టవుతుంది. ప్రతి న్యాయమూ పుస్తకంలో చక్కగా నిలబడుతోంది. ఎవరో ఒకరి గుమ్మం ముందుకు తీసుకెళ్లగానే కూలబడుతోంది.

పరదేశిస్వామి ఆశ్రమం పెరట్లో గోంగూర ఒలుస్తున్నాడు. విరూపాక్షం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. పట్టాభి మాటలకు తను తర్వాత ఆలోచించుకున్న జవాబులూ, ఆ జవాబులకు మళ్లీ తనకే తోచిన అడ్డంకులూ చెప్పాడు. చెబుతున్నకొద్దీ చిక్కు ఇంకా బిగుసుకుంది. స్వామి చివరిదాకా విన్నాడు.

"గట్టు మీద నుంచే వచ్చావు కదా, ఏరు ఎంత దాకా ఉంది?"

విరూపాక్షం తెల్లబోయాడు. అతను ఏటి వైపు చూడలేదు.

స్వామి గోంగూర పళ్లెం పక్కన పెట్టి లేచాడు. వంటపాక వెనక నుంచి పార తీసుకుని గట్టు వైపు నడిచాడు. విరూపాక్షం తట్టలు పట్టుకుని వెంట వెళ్లాడు. అప్పటికే నీళ్ల రంగు మారింది. ఎగువన ఎక్కడో వానలు పడ్డాయి. ఎర్రటి నీరు కోసుకుపోయిన చోటును ఒరుసుకుంటూ పోతోంది.

మట్టిగుంటలో దిగి స్వామి తవ్వడం మొదలుపెట్టాడు. ముసలాయన పార పట్టాడని తెలిసి ఒకరొకరే వచ్చారు. తీర్పు వచ్చేదాకా తట్ట ముట్టుకునేది లేదన్న కుర్రకారు వచ్చారు. తోటలవాళ్ల మనుషులూ వచ్చారు. స్వామి ఒక్కొక్కరి తట్ట నింపి నెత్తికెత్తుతున్నాడు. వాళ్లు వెళ్లి గట్టు మీద పోసి వస్తున్నారు. వంతు ఊసు ఎవరూ ఎత్తలేదు.

విరూపాక్షం తట్టను స్వామి అంచు దాకా నింపాడు. మొదట అతనికి గర్వంగానే అనిపించింది. వయసులో ఉన్నాడు, బలముంది, బలమున్నవాడు ఎక్కువ మొయ్యడం తన సిద్ధాంతమే. కొన్ని తిరుగుళ్లు తిరిగాక మెడ లాగడం మొదలైంది. అప్పుడు గన్నియ్య తట్ట కనబడింది. గన్నియ్య పడవవాడు. దుంగలాంటి మనిషి, తెడ్డు వేసి వేసి చేతులు గట్టిపడ్డాయి. వాడి తట్టలో మట్టి సగమే ఉంది. మరుసటి తిరుగుడుకు విరూపాక్షం కావాలనే చూశాడు. మళ్లీ సగమే.

అక్కడి నుంచి అతనికి మట్టి బరువు కంటే ఆ సగం తట్ట బరువు ఎక్కువైంది. ఒంటిపూట తిని చదువుకున్నవాణ్ని నేను, నాకు నిండు తట్టా, వాడికి సగమా? రేపు దీని మీద ఇంకో పార వేస్తారు కాబోలు, ఎక్కడ ఆగుతారు? అలా అనుకుంటూ ఉండగానే అతని కాలు తడబడింది. ఆ మాటలు తనవి కావు. పొద్దున పట్టాభి అరుగు మీద విన్నవి.

అయినా ఉండబట్టలేక గుంట దగ్గర అడిగేశాడు.

"స్వామీ, గన్నియ్య నాకు రెండింతలున్నాడు. అతని తట్ట సగమే నింపుతున్నారేం?"

"ఎత్తేటప్పుడు మెడ చూశాను" అన్నాడు స్వామి.

విరూపాక్షం వెనక్కి తిరిగాడు. గన్నియ్య అప్పుడే గట్టు ఎక్కుతున్నాడు. ఒక భుజం జారి ఉంది. అడుగు వేసినప్పుడల్లా ఒక చెయ్యి పక్కటెముకల మీదకు పోతోంది. సగం తట్ట కిందే మెడ నరాలు వణుకుతున్నాయి. ఆ మనిషికి ఎక్కడో గట్టి దెబ్బే తగిలింది, ఎవరికీ చెప్పుకోలేదు. విరూపాక్షం ఇంతసేపూ చేతులే చూశాడు.

సిగ్గుపడ్డాడు. కాని సిగ్గుతో పాటే సందేహమూ వచ్చింది. స్వామి ఒక్కడు ఒక గుంట దగ్గర నిలబడి మెడలు చూడగలడు. లంక మొత్తానికి ఎవరు చూస్తారు? ఏటా ఎవరు చూస్తారు? చూసేవాడికి చుట్టం మెడ ఒకలాగా, పగవాడి మెడ ఒకలాగా కనబడితే? ఊరికి ఏదో ఒక కట్టుబాటు ఉండాలి కదా స్వామీ అని అడిగాడు.

స్వామి పార అతని చేతికిచ్చాడు. తను చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, ఖాళీ తట్టతో అతని ముందు నిలబడ్డాడు.

"నింపు."

విరూపాక్షం రెండు పారలు వేశాడు. ముసలి మెడ, చాలనిపించింది. తక్కువ వేస్తే చిన్నబుచ్చినట్టవుతుందేమోనని ఇంకో అర పార వేశాడు. అది ఎక్కువైందేమోనని భయపడ్డాడు. స్వామి ఎత్తించుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ నడకను బట్టి అతనికి ఏమీ తెలియలేదు.

తర్వాత నిలబడింది పట్టాభి. కూలివాణ్ని పంపకుండా తనే వచ్చాడు, పంచె ఎగ్గట్టి. చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కుర్రకారు కళ్లు పార మీదే ఉన్నాయి. విరూపాక్షం వేశాడు, మళ్లీ వేశాడు. ఎవరో వెనక నుంచి "ఇంకా" అన్నారు. ఇంకా వేశాడు. తట్ట ఎత్తించాక గాని ఆయన మెడ చూడలేదు. ఎప్పుడూ బరువెరగని మెడ, ఒక పక్కకు విరిగినట్టు ఒరిగింది. విరూపాక్షం కంగారుగా తట్టలోంచి మట్టి తియ్యబోయాడు.

"ఉండనివ్వండి. ముందు ఇది ఎక్కడ పోస్తున్నారో చూసొస్తాను" అన్నాడు పట్టాభి.

తూలుతూ వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మొహమంతా మట్టే. పోసేవాళ్లే గాని తొక్కేవాళ్లు లేరని, పోసింది పోసినట్టు ఏట్లోకి జారిపోతోందని చెప్పాడు. ఎవరి మీదా అరవలేదు. తట్ట అక్కడే వదిలేసి, తన మనుషులను పిలిచి, దిమ్మిసలు తెప్పించి గట్టు మీదకు పోయాడు. కాసేపటికి మట్టి కొడుతున్న చప్పుడు వినబడింది.

ఆ పనిని ఎవరి వంతులో వెయ్యాలి? తట్టల్లో కొలిస్తే పట్టాభి మోసింది ఒక్కటే. విరూపాక్షం కొంచెంసేపు కొలవబోయి, మానుకున్నాడు.

ఆ ఏడు గట్టు నిలిచింది. ఊరు మళ్లీ కూర్చుంది, మళ్లీ పోట్లాడుకుంది, ఏదో ఒక కట్టుబాటు చేసుకుంది. దాన్ని మళ్లీ మార్చుకుంది కూడా. చిన్నస్వామి తీర్పు ఏమిటని అడిగితే, అతను నాకు తెలియలేదని చెప్పాడట. కొందరు నవ్వారు, కొందరికి కోపం వచ్చింది. అవన్నీ తర్వాతి సంగతులు.

అప్పటికి మాత్రం అతను గుంటలో పార పట్టుకుని నిలబడ్డాడు. వరసలో తర్వాతి మనిషి బుల్లిమంగ. ఆమె వెనక స్వామి ఖాళీ తట్టతో తన వంతు కోసం ఆగి ఉన్నాడు.

బుల్లిమంగ తట్ట చాచింది. విరూపాక్షం ఆమె మెడ చూశాడు. సన్నటి మెడ, పొద్దుటి నుంచీ ఏమీ తినని మనిషి మెడ. ఒక్క పార చాలంటోంది. తర్వాత మొహం చూశాడు. ఆమె చూపు అతని పార మీద ఉంది. మిగతావాళ్లందరికీ ఎంత వేశాడో ఆమె చూస్తూనే ఉంది.

మెడ ఒకటి చెబుతోంది. కళ్లు ఇంకొకటి చెబుతున్నాయి.

అతను స్వామి వైపు చూశాడు. స్వామి ఏటి వైపు చూస్తున్నాడు.

విరూపాక్షం పార మట్టిలో గుచ్చి ఆగాడు.

"ఎంత వెయ్యమంటావమ్మా?" అని అడిగాడు.