తన్నని యంత్రం

ఒక ఊళ్ళో ముగ్గురు ఆదివారం వడ్రంగులు ఉండేవారు. ఒకాయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇంకొకాయనది మందుల షాపు. మూడో ఆవిడ పోస్టాఫీసులో పని చేసేది. వారమంతా ఎవరి పని వాళ్ళు చూసుకుని, ఆదివారం వస్తే చెక్క ముందు కూర్చునేవాళ్ళు. పీటలు, పుస్తకాల స్టాండ్లు, మనవలకు బొమ్మ బళ్ళు చేసేవాళ్ళు. వాటిని అమ్మేవాళ్ళు కాదు. చూసినవాళ్ళు బాగుందంటే చాలు, ఆ రోజుకు కడుపు నిండిపోయేది.

అదే ఊళ్ళో అసలు వడ్రంగి కూడా ఒకడు ఉండేవాడు. ఈ ముగ్గురికీ ఉలి పట్టడం నేర్పింది అతనే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఒకనాడు పనిముట్లు తయారుచేసే కంపెనీ నుంచి ఒక మనిషి కారులో ఈ ముగ్గురి దగ్గరికి వచ్చాడు. చెక్కలో గాడులు తీసే యంత్రం, రూటర్ అంటారు దాన్ని, కొత్తది తయారవుతోందనీ, బజారులోకి వదిలేముందు నలుగురి చేతుల్లో పెట్టి చూడాలనీ చెప్పాడు. ఆ కారు వడ్రంగి కొట్టు ముందు నుంచే వచ్చింది గానీ అక్కడ ఆగలేదు.

“మా వీధి చివర అసలు పనివాడు ఒకతను ఉన్నాడు. అతన్నీ అడగకూడదూ?” అంది పోస్టాఫీసావిడ. ఆ మాత్రమైనా అంది, పాపం.

“కూలికి చేసేవాళ్ళు ప్రతిదానికీ సణుగుతారమ్మా. మాకు ఇష్టంతో చేసేవాళ్ళు కావాలి,” అన్నాడు కంపెనీ మనిషి.

ఆ మాట వినేసరికి ముగ్గురూ పొంగిపోయారు. వడ్రంగి ప్రస్తావన మళ్ళీ ఎవరూ తేలేదు. కంపెనీ మనిషి మూడు యంత్రాలు, మూడు ప్రశ్నల కాగితాలు ఇచ్చి, నెల గడువు పెట్టి వెళ్ళాడు.

యంత్రం నల్లగా, బరువుగా, చూడముచ్చటగా ఉంది. అడుగున బిట్టు, అంటే పదునైన ఉక్కు ములుకు, గిర్రున తిరుగుతూ చెక్కలోకి దిగుతుంది. రెండు పక్కలా పిడులు పట్టుకుని తోసుకుంటూ పోతే వెనకాల నున్నటి గాడి పడుతుంది. పూటంతా ఉలితో చేసే పని, పోసుకున్న టీ చల్లారేలోపు అయిపోతుంది.

ఒక్కటే చిక్కు. చెక్కలో ఒకప్పుడు కొమ్మ మొలిచిన చోట గట్టిగా ఒక ముడి ఉంటుంది. ఆ ముడి తగలగానే యంత్రం తన్నేది. ఉన్నట్టుండి పక్కకి ఎగిరేది. పిడి చేతిలోంచి జారిపోయేది.

మాస్టారిని మొదటి రోజే తన్నింది. స్విచ్చి కట్టేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. యంత్రం మీద అనుమానం రాలేదాయనకు, తన మీదే వచ్చింది. ‘ఎంతైనా సుద్దముక్క పట్టిన చెయ్యి. అసలైన పనివాడి చేతిలో అయితే ఇలా ఎగురుతుందా?’ అనుకుని సిగ్గుపడ్డాడు. పిడులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాడు. అడుగు పలకకు ఇనప బద్ద ఒకటి బిగించాడు. తన్నడం సగం తగ్గింది. మిగతా సగానికి ఇంకో ఉపాయం కనిపెట్టాడు. ముడి దగ్గరికి రాగానే యంత్రం ఆపేసేవాడు. ఆ కాస్త మేర ఉలితో తవ్వి, ముడి దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాడు.

మందుల షాపాయన ముడి లేని చెక్కలే ఏరుకున్నాడు. పోస్టాఫీసావిడ, ముడి వచ్చినప్పుడల్లా వాళ్ళ అక్కగారిని పిలిచి రెండో పిడి పట్టించేది. అందరినీ తన్నింది. ఎవరూ ఇంకొకరికి చెప్పుకోలేదు. పనివాడైతే మొదటి దెబ్బకే యంత్రాన్ని బూతులు తిట్టి అవతల పారేసేవాడు. వీళ్ళు పనివాళ్ళం కామన్న భయంతో నోరు మూసుకున్నారు.

కాగితంలో ఏడో ప్రశ్న, ‘వాడేటప్పుడు ఏమైనా ఇబ్బంది కలిగిందా?’ అని. మాస్టారు దాని దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కలిగిందని రాస్తే, ఈయనకు యంత్రం పట్టడమే రాదనుకుంటారు. ఇంకోసారి పిలవరు. ‘లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. యంత్రం తిరిగి పంపేముందు ట్యూబు ముక్కలు విప్పేసి, ఇనప బద్ద ఊడదీసి, మరలు దిగిన బెజ్జాలను నల్ల మైనంతో పూడ్చాడు. ఆ పని మాత్రం ఎంతో నేర్పుగా చేశాడు.

మిగతా ఇద్దరూ ‘లేదు’ అనే రాశారు. కంపెనీ సంతోషించింది. కంపెనీని ఏమనగలం? అది అడిగింది, వీళ్ళు చెప్పారు. ఎవరిని అడగాలో మాత్రం బాగా చూసి ఎంచుకుంది.

ఆర్నెల్లకు యంత్రం బజారులోకి వచ్చింది. కంపెనీ సభ పెట్టి ముగ్గురికీ శాలువాలు కప్పింది. యంత్రం వచ్చే అట్టపెట్టె మీద ముగ్గురి ఫొటోలూ వేసింది. మాస్టారు ఒక ఖాళీ పెట్టె అడిగి తెచ్చుకుని, ముందుగదిలో టీవీ పక్కన పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వడ్రంగికి పెద్ద పని దొరికింది. కొత్తగా కడుతున్న ఆసుపత్రికి నలభై తలుపులు. అతని జన్మలో అంత పని ఎప్పుడూ రాలేదు, ఇక రాదు కూడా. ఉలితో చేస్తే గడువులోగా తెమలదు. యంత్రం కొందామనుకుని ముందు మాస్టారింటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“నెల్లాళ్ళు మీరు వాడారంట గదండీ. ముడి తగిలితే తంతాదా మాస్టారూ?”

చూడండి, పనివాడు అడిగే మొదటి ప్రశ్న అది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఆ ప్రశ్న లేనే లేదు.

మాస్టారు నోరు తెరిచాడు. తంతుందంటే, మరి పెట్టె మీద మీ ఫొటో ఏమిటంటాడు. పైగా ఉలి నేర్పినవాడి ముందు నాకు చేతకాలేదని ఒప్పుకోవాలి.

“అబ్బే, లేదోయ్. చెప్పినట్టు వింటుంది,” అన్నాడు.

“మీరన్నారంటే ఇంకేం కావాలండీ,” అని వడ్రంగి వెళ్ళి కొనుక్కున్నాడు.

పదకొండో తలుపు దగ్గర ముడి తగిలింది. యంత్రం తన్నింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి.

ముగ్గురూ పళ్ళు పట్టుకుని చూడడానికి వెళ్ళేసరికి ఇరవై రోజులైంది. అంతకుముందు ఎవరికీ తీరిక చిక్కలేదట. వడ్రంగి తన కొట్టులో, చెయ్యని తలుపుల మధ్య, చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. యంత్రం బల్ల మీదే ఉంది.

“దాన్నేమీ అనకండి,” అన్నాడు అతనే ముందుగా. “తప్పు నాదేనండి. మీ ముగ్గురినీ తన్నంది నన్ను తన్నిందంటే, నా చెయ్యే పాడైపోయిందన్నమాట. ముప్పయ్యేళ్ళు చేశాను ఈ పని. మీపాటి చెయ్యి లేకపోయింది నాకు.”

పోస్టాఫీసావిడ కళ్ళు తుడుచుకుంది. మందుల షాపాయన కట్టు ఎన్నాళ్ళకోసారి మార్చాలో చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పవలసిన మాట తప్ప అన్నీ చెప్పాడు.

“ఒక్క సాయం చెయ్యండి మాస్టారూ,” అన్నాడు వడ్రంగి. “ఈ తలుపులకి మనుషుల్ని పెట్టుకోవాలి. వాళ్ళకి చూపించాలంటే ముందు నాకు తెలియాలి గదండీ. దీన్ని ఎలా పట్టాలో ఒక్కసారి చేసి చూపించండి.”

నేర్పినవాడు నేర్పమని అడుగుతున్నాడు. మాస్టారు కాదనలేకపోయాడు. బల్ల మీద చెక్క ఒకటి పెట్టారు. మాస్టారు పిడులు పట్టుకుని స్విచ్చి వేశాడు. గాడి నున్నగా పడుతూ వచ్చింది. జానెడు దూరంలో ముడి కనబడింది. ఆయన వేళ్ళు వాటంతటవే స్విచ్చి కట్టేశాయి. యంత్రం పక్కన పెట్టి, బల్ల మీది ఉలి, సుత్తి అందుకుని ముడిని తవ్వసాగాడు. నెల్లాళ్ళ అలవాటు. రెండు దెబ్బలు పడ్డాక గానీ తను చేస్తున్నదేమిటో ఆయనకు తెలియలేదు.

చెయ్యి ఆగిపోయింది.

“అక్కడ ఆపాలన్నమాట,” అన్నాడు వడ్రంగి.

ముడి వంకా మాస్టారి వంకా చూశాడు.

“తంతాదని మీకు తెలుసు.”

“నా చెయ్యే సరైంది కాదనుకున్నానోయ్,” అన్నాడు మాస్టారు. “ఒట్టు. నాకే చేతకాలేదనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నానండి,” అన్నాడు వడ్రంగి. “ఈ ఇరవై రోజులూ.”

లేచి వచ్చి మాస్టారి చేతిలోంచి ఉలి తీసుకున్నాడు. ఎడంచేత్తో దాన్ని ముడి మీద ఆనించాడు. సుత్తి పట్టే చెయ్యి కట్టులో ఉంది. అందుకని ఒంటి బరువంతా వేసి నెట్టాడు. చెక్క బల్ల మీద జరిగిపోయింది. మోచేత్తో మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు, మళ్ళీ నెట్టాడు. మళ్ళీ జరిగిపోయింది. పట్టుకోమంటే పట్టుకుందామని ముగ్గురూ చేతులు చాపుకుని నిలబడ్డారు. అతను పట్టుకోమనలేదు.