సందేహం లేదనలేని యజ్ఞన్న

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోతుంది. అయితే ముందు వరదయ్య సిద్ధాంతిగారి భార్య సుబ్బమ్మగారి సంగతి చెప్పాలి. ఆవిడ ఒక కుండ కొనాలంటే కుమ్మరి వీధిలో ఉన్నవన్నీ వేలితో కొట్టి చూస్తుంది. మోత నచ్చకపోతే కుమ్మరి వంశాన్నే అనుమానిస్తుంది. ఆవిడ ధాటికి ఇద్దరు కుమ్మరులు ఊరు వదిలారంటారు. ఒకడైతే నిజంగానే వెళ్లాడు.

సరే, యజ్ఞన్న. సిద్ధాంతిగారి దగ్గర గణితం చదివే శిష్యుల్లో సుబ్బమ్మగారిని మించిన అనుమానం మనిషి అతనే. అక్కడ ఒక ఆచారం ఉంది. గురువు ఇచ్చిన చివరి లెక్క చేసి, ఇసుక పలక మీద చెయ్యి ఆన్చి, "సందేహం లేదు" అనాలి. అప్పుడు శాలువా కప్పి పంపుతారు. మిగతా శిష్యులకు ఆ మాట నాలుక చివరే ఉండేది, లెక్క ఎక్కడున్నా సరే. యజ్ఞన్నకు మాత్రం నోరు పెగిలేది కాదు. అవతల, అతనికిస్తామని అనుకున్న కామేశ్వరి తండ్రి, మాఘంలోగా శాలువాతో రాకపోతే పిల్లను వేరే సంబంధానికి ఇచ్చేస్తానని కబురు పంపాడు.

యజ్ఞన్న లెక్క ఇది: ఎనిమిదివేల నూట తొంభై ఒకటిని, ఒకటీ అదీ కాక, శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదైనా ఉందా?

రెండుతో మొదలుపెట్టి తొంభై దాకా వరసగా నిలదీశాడు. ప్రతిదీ శేషం మిగిల్చింది.

"ఇక చాలురా, అది దేనికీ లొంగదు," అన్నారు తోటివాళ్లు.

"మీకెవరు చెప్పారు?" అని తొంభై ఒకటి అందుకున్నాడు. నాలుగు వందలు దాటాడు. పెద్ద సంఖ్యల్లో ఎక్కడో ఒకటి నక్కి తనను చూసి నవ్వుతోందని అతని అనుమానం. పలక మీది ఇసుకను కూడా నమ్మక మళ్లీ జల్లించుకున్నాడు.

ఒక పొద్దున సిద్ధాంతిగారు, "కావిడి తీసుకెళ్లి గోదారి నీళ్లు పట్రా," అన్నారు.

యజ్ఞన్న రెండు కుండలూ నింపుకొచ్చాడు. గుమ్మంలో గురువు ఎదురొచ్చి, ముందు కుండను ఉట్టిలోంచి ఎత్తి కింద పెట్టారు. కావిడి బద్ద పైకి లేచింది. వెనక కుండ నేలకు తగిలి పగిలింది.

"నా కొత్త కుండ!" లోపల్నుంచి సుబ్బమ్మగారు. "మీకు మతి గాని పోయిందా?"

"ఒక్క కుండతో కావిడి నిలుస్తుందా, యజ్ఞన్నా?" అన్నారు గురువు.

యజ్ఞన్న తడికాళ్లతో అలాగే నిలబడిపోయాడు. పెద్ద సంఖ్య ఏదైనా భాగిస్తే అది ఒక కుండ, ఎన్నిసార్లు పోతుందో అది రెండో కుండ. రెండూ తొంభై దాటితే వాటి గుణకారం ఎనిమిదివేల నూట తొంభై ఒకటిని మించిపోతుంది. అంటే ఒకటి తొంభైలోపే ఉండాలి. ఆ లోపువాటినన్నిటినీ తను ఎప్పుడో నిలదీశాడు.

మర్నాడు, మాఘం గడువు ఇంకా ఉండగానే, అందరి ముందూ పలక మీద చెయ్యి ఆన్చాడు.

"సంఖ్య మీద సందేహం లేదు. మీ మీదే ఉంది గురువుగారూ. ఈ ముక్క తొంభై దగ్గరే చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేవాడివా?"

యజ్ఞన్న ఆ లెక్క కూడా వేసి చూసుకున్నాడు.

"నమ్మేవాణ్ణి కాదు."

సిద్ధాంతిగారు శాలువా కప్పారు. మిగతా శిష్యులను రెండు నుంచి మొదలుపెట్టమన్నారు.