నల్లకుక్క ఫోటో దిగిన రోజు

అడవి అంచున జరిగే జంతువుల సంతలో ముత్యాలు అనే ముంగిస చిన్న ఫోటో స్టూడియో నడిపేది. ఒక కెమెరా, ఒక దీపం, గోడకు తెల్ల పరదా, అంతే దాని సరంజామా. ఈమధ్యే ఎదురుగా గుంటనక్క పెద్ద పెద్ద లైట్లతో ఇంకో స్టూడియో తెరిచింది. తెరిచిన వారానికే సంతకు పెద్ద అయిన ముసలి ఎద్దు దగ్గరికెళ్లింది.

"ఇంత చిన్న సంతకి రెండు స్టూడియోలెందుకు మామా? చెరో ఫోటో తీస్తాం. బాగా తీసినవాళ్లు ఉంటారు, రెండోవాళ్లు సామాను సర్దుకుంటారు."

ఎద్దు సరేనంది. "మధ్యాహ్నానికల్లా ఫోటోలు తెండి."

నక్క అప్పటికే తెల్లకుందేలును పక్కన పెట్టుకుంది. "నేను దీన్ని తీస్తా. నువ్వు మన కాపలా కుక్క కర్రెయ్యను తియ్యి ముత్యాలూ. బుద్ధిమంతుడు, కదలనైనా కదలడు!"

కర్రెయ్య నిలువెల్లా నలుపే. నక్క ఎత్తు ముత్యాలుకి ఫోటో తీశాకగానీ తెలిసిరాలేదు. తెల్ల పరదా ముందు కూర్చోబెట్టి, ముఖం మీదికే దీపం వేసి తీస్తే పెద్ద సిరా మరక వచ్చింది. అందులో మెరిసే కళ్లు రెండు.

కిటికీలోంచి చూస్తున్న నక్క పగలబడి నవ్వింది. "కుక్కేదమ్మా? బొగ్గుల బస్తాకి కళ్లు పెట్టావా?"

కర్రెయ్య తల దించుకుంది. "వదిలెయ్యక్కా. నా ఫోటో ఎప్పుడూ ఇంతే. పోయినేడాది గొర్రెపిల్లలు చూసి జడుసుకున్నాయి. నావల్ల నీ కొట్టెందుకు పోవాలి?"

ఆ మాటకి ముత్యాలు మనసు చివుక్కుమంది. ఈలోగా కర్రెయ్య లేచి గుమ్మం దాకా వెళ్లింది. పక్కనుంచి ఎండ పడింది. వీపు మీద వెంట్రుక వెంట్రుకా నిగనిగలాడింది!

"ఆగు! అక్కడే కూర్చో!" అని అరిచింది ముత్యాలు.

గబగబా దీపం ఆర్పేసింది. పరదా పీకేసి, కుక్క వెనక బూడిదరంగు గొంగళి కట్టింది. ఎండ మరీ గుచ్చకుండా గుమ్మానికి పల్చటి పంచె వేలాడదీసింది. పీకిన తెల్ల పరదాను రెండోపక్క నిలబెడితే, వెలుతురు దానికి తగిలి మళ్లీ కుక్క దవడ మీద పడింది.

"ఇటు చూడు తమ్ముడూ. దొంగొచ్చాడనుకో."

కర్రెయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. క్లిక్!

మధ్యాహ్నం సంతంతా ఎద్దు చుట్టూ మూగింది. నక్క తన గొప్పకొద్దీ లైట్లన్నీ ఒకేసారి వేసి తీసింది. ఫోటోలో తెల్లటి వెలుగే గానీ చెవుల్లేవు, మీసాల్లేవు. "అయ్యో, నేనెక్కడ?" అంటూ కుందేలు ఏడుపు లంకించుకుంది.

రెండో ఫోటోలో కర్రెయ్య ఉంది. మెరిసే మెడ, నుదుటి మీద ముడతలు, ముక్కు మీద తోడేలు పెట్టిన పాత గాటు, అన్నీ ఉన్నాయి. గొర్రెపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకొచ్చాయి. "మన మామ ఎంత బాగున్నాడో!"

కర్రెయ్య చాలాసేపు చూసుకుంది. "అక్కా, ఇది నేనేనా?" అంది. దాని తోక ఆగితే ఒట్టు.

ఎద్దు నక్కవైపు తిరిగింది. "పందెం నువ్వు పెట్టిందే. సామాను సర్దుకో."

నక్క తన లైట్లు తనే మోసుకుంటూ సంత దాటేసరికి ముత్యాలు కొట్టు ముందు కాకులు, నల్లమేకలు, ఒక ఎలుగుబంటి బారులు తీరి నిలబడ్డాయి.

నీతి: ఎదుటివాడు కనబడకపోతే వాడి రంగును తిట్టే ముందు, నీ దీపం ఎక్కడ పెట్టావో చూసుకో.