ఎనిమిదిండ్ల దారిమట్టి తల్లి

పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, జొన్నచేల మధ్య అరమైలు నడిస్తే ఎనిమిదిండ్ల అనే ఊరు వస్తుంది. ఆటోలు ఉన్నాయి గానీ తల్లి దగ్గరికి ఎక్కి రావద్దని ఊరివారి మాట. ఎందుకో కథ వింటే మీకే తెలుస్తుంది. గోపురం కోసం తలెత్తి వెతికేవారు ఇక్కడ తికమకపడతారు. ఊరి నడిబొడ్డున నాలుగు రాతి స్తంభాల పందిరి, దాని కింద మోకాలెత్తు బొడ్రాయి, అంతే. ఊరు పుట్టిననాడు నాటిన ఆ రాయే ఇక్కడి అమ్మవారు.

వచ్చే భక్తుల్లో సగం మంది చేతుల్లో నోటుపుస్తకాలు ఉంటాయి. తమ ముత్తాత ఎక్కడి నుంచి వలస వచ్చాడో, ఇంటిపేరు ఏ ఊరిదో, ఈ అడవి నేలను ఊరుగా చేసింది ఎవరో తెలుసుకోవాలని వస్తారు. పూజారిణి లచ్చవ్వ ఏడు ఇళ్ల పాత ఊళ్లను గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఎనిమిదో ఇంటి దగ్గర ఆగి, చెంబెడు నీళ్లు తాగి, అప్పుడు అసలు కథ ఎత్తుకుంటుంది.

పూర్వం ఇక్కడ మనిషి అలికిడి లేదు. మోదుగులు, రేగుపొదలు, వాటి నడుమ నెమళ్లు. మూడేళ్లు వరసగా వానలు మొహం చాటేయడంతో ఏడు ఊళ్ల నుంచి ఏడు కుటుంబాలు బండ్లు కట్టుకుని బయలుదేరాయి. దారిలో ఒకరికొకరు కలిసి, పారే వాగు కనబడిన ఈ చోట కాడి దించాయి.

ఆ రోజుల్లో ఊరు విడిచేవారు పొలిమేర దాటేముందు పిడికెడు మట్టి మూటగట్టుకునేవారు. కొత్త చోట బొడ్రాయి నాటేటప్పుడు ఇంటింటివారూ తమ పాత ఊరి పేరు పైకి చెప్పి, ఆ మట్టిని గుంటలో పోయాలి. పోసినవారికే పొలిమేర లోపల ఇల్లు. ఊరూ పేరూ తెలియని మట్టి కింద పడితే రాయి నిలవదని వారి నమ్మకం.

బండ్ల వెనక నడిచి వచ్చినవారిలో బుచ్చవ్వ అనే వితంతువు ఉంది. ఉప్పు మోసే ఎడ్లవారికి పసిగుడ్డుగా బాట పక్కన దొరికిన మనిషి. పెంచిన తల్లి ఎప్పుడో పోయింది. ఊరు లేక ఆ ఎడ్ల వెంటే తిరిగిన కట్టుకున్నవాడు ఈ ప్రయాణంలోనే జ్వరంతో కన్నుమూశాడు. చంకలో ఏడాది కూతురు, చేతిలో ఒక చెంబు, అంతే ఆమె సంసారం. మూట కట్టడానికి ఆమెకు ఊరేది? పొలిమేర అవతల గుడిసె వేసుకోవాలంటే అక్కడ తోడేళ్లు.

పెద్దమనిషి మల్కయ్య భార్య పోశవ్వది మెత్తని మనసు. తన మూటలో సగం మట్టి తీసి బుచ్చవ్వ కొంగులో పోసింది. ఏదో ఒక ఊరి పేరు చెప్పెయ్యమని, అడిగేవాళ్లెవరూ లేరని నచ్చజెప్పింది. మర్నాడు పొద్దున బొడ్రాయి గుంట దగ్గర బుచ్చవ్వ తానెన్నడూ చూడని ఊరి పేరు చెప్పి ఆ మట్టి పోసింది.

రాయి నిలబెట్టారు, ఒరిగింది. గుంట లోతు చేసి మళ్లీ నిలబెట్టారు, మళ్లీ ఒరిగింది. మూడోసారికి జనం ఒకరి ముఖాలొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. మల్కయ్య పొద్దు వాలాక చూద్దామని అందరినీ పంపించాడు. ఎండకు తాళలేక అందరూ బండ్ల కింద నడుం వాల్చారు.

బుచ్చవ్వకు మోదుగు నీడలో కన్ను మూతబడింది. కలలో ఒక ముసలమ్మ వచ్చి ఎదురుగా కూలబడి, కాళ్లు చాపి, కడగమంది. బుచ్చవ్వ చెంబుతో నీళ్లు పోస్తూ ఉంటే ఆ పాదాల నుంచి మొదట ఎర్రమట్టి జారింది. తర్వాత నల్లమట్టి, ఆ తర్వాత చవిటినేల తెలుపు. ఎంత కడిగినా ఇంకో రంగు. చెంబులో నీళ్లు తరగడం లేదు, ముసలమ్మకు తొందరా లేదు. మోదుగుపూలు ఒక్కొక్కటే నీళ్లలో రాలి, ఎటో తేలిపోతున్నాయి. చివరికి చూస్తే తాను కడుగుతున్నవి తన కాళ్లే.

"ఇంత మట్టి కాళ్లకు పెట్టుకొని, ఎవరి మట్టో ఎందుకు పోసినవ్ బిడ్డా?" అంది ముసలమ్మ.

మెలకువ వచ్చేసరికి చెంబు ఒరిగి ఉంది, పాదాలు తడిగా ఉన్నాయి. నిజం చెబితే పొలిమేర అవతలికి పొమ్మంటారని ఆమెకు తెలుసు. అయినా బిడ్డను చంకనేసుకుని తిన్నగా గుంట దగ్గరికి నడిచింది. జనం లేచి వచ్చేదాకా నిలబడింది.

"నాకు ఊరు లేదు. పొద్దున పోసింది నా మట్టి కాదు. నాది ఇదే," అని పగిలిన మడమలు చూపింది. ఆ మట్టి పోశవ్వదని మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. పోశవ్వే ముందుకు వచ్చి, ఇచ్చింది తానేనని ఒప్పుకుంది.

మల్కయ్య బుచ్చవ్వ మడమలను చూసి, తర్వాత తన మడమలను చూసుకున్నాడు. రెంటి మీదా ఉన్నది ఒకే బాట దుమ్ము. ఇన్నాళ్లూ మూటలు భద్రంగా మోశాం గానీ మనల్ని మోసిన నేలను మరిచామని, అందరూ వినేటట్టు ఒప్పుకున్నాడు. పొద్దున ఆమె పోసిన మట్టిని తీయించి, తానే నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు గుంటలో కడిగాడు. ఆ తడిలో రాయి దించితే ఇక కదలలేదు. అప్పుడు ఆమెకు తన బండి నీడ చూపి ఒక్కమాట అన్నాడు.

"నడిచొచ్చినవ్, కూసో."

ఏడు ఇళ్లతో మొదలైన ఊరికి ఎనిమిదిండ్ల అని పేరు నిలవడం వెనక కథ ఇది. లచ్చవ్వ ఆ బుచ్చవ్వ వంశపు ఆడబిడ్డ.

నేటికీ పాత ఊరు తెలిసినవారు పిడికెడు మట్టి తెచ్చి తల్లి పాదాన పోస్తారు. తెలియనివారు నడిచి వచ్చి రాయి ముందు కాళ్లు కడుక్కుంటారు. అలా చేసినవారి ఇల్లు చెదరదని, దూరమైనవారు కలుస్తారని ఇక్కడివారి విశ్వాసం.

పోయిన వేసవిలో సుదర్శనాచారి అనే రిటైరైన టీచరు తన వంశవృక్షం పట్టుకుని వచ్చాడు. ముత్తవ్వ పేరు పక్కన ఊరి గడి ఖాళీ. పదకొండేళ్లుగా కచేరీల చుట్టూ, కాగితాల చుట్టూ తిరిగి వేసారిన మనిషి. లచ్చవ్వ ఆయన కాళ్ల మీద నీళ్లు పోసి, అందరికీ చెప్పినట్టే, నాడు మల్కయ్య అన్న ఆ మాటే చెప్పింది. ఆయన కళ్లు తుడుచుకుని, పందిరి కింద కూర్చుని, ఆ గడిలో 'దారి' అని రాసుకున్నాడు.