మురికి అంటని పొడి

వెనకటికి ఒక రాజుగారి కొలువుకు సోమయాజులనే పండితుడు కంటికి ఆననంత సన్నటి పొడి పట్టుకొచ్చాడు. అది చల్లితే బట్టకు మురికే అంటదన్నాడు. రాజుగారు మురిసిపోయి, చాకిరేవు పూడ్చి పూలతోట వేయమన్నారు.

ఆ రేవులో బట్టలుతుకుతూ దాన్నే నమ్ముకున్న గురవమ్మకు ఈ మాట తెలిసింది. కొలువుకొచ్చి పండితుణ్ణి అడిగింది.

"సామీ, ఒకసారి చల్లితే ఎన్నాళ్లుంటుంది?"

"వారం. ఆపైన మళ్లీ చల్లాలి."

"మాసిన బట్ట మీద చల్లినా పనిచేస్తుందా?"

"ఎంతమాట! శుభ్రంగా ఉతికి ఆరేసిన బట్ట మీదే పొడి నిలుస్తుంది," అన్నాడు పండితుడు గర్వంగా.

"మేం ఉతికేదీ వారానికోసారే దొరా," అంది గురవమ్మ రాజుగారి వైపు తిరిగి.

రాజుగారు నవ్వుతూ రేవు పూడ్చొద్దన్నారు. పండితుడి ముఖం చూస్తే గురవమ్మకే జాలేసింది.

"చిన్నబుచ్చుకోకండి సామీ. ఆ ఉత్తరీయం ఇలా ఇవ్వండి, ఉతికి తెస్తాను. పొడి మీరే చల్లుకుందురుగాని."