తెర తాడు

మైథిలి వేసిన తెర గుడిలో కట్టి వారం దాటింది. ఇన్నాళ్ళలో దాన్ని ఒక్కరంటే ఒక్కరు చూడలేదు.

అలాగని గుడికి జనం రావడం లేదని కాదు. తిరుపతి శివార్లలో కొత్తగా లేచిన కాలనీ అది. అక్కడి వేణుగోపాలస్వామి గుడీ కొత్తదే. పొద్దున పూజ వేళకి మండపం నిండిపోతుంది. గర్భగుడి గడపకి అడ్డంగా మైథిలి తెర ఉంటుంది. లోపల అలంకారం జరుగుతున్నంతసేపూ అందరూ దాని ముందే కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటారు. ఫోన్లో మెసేజీలు చదువుకుంటారు. కుళాయిలో నీళ్ళు ఎందుకు రావడం లేదో తేల్చుకుంటారు. తెరకేసి చూడ్డానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

గంట మోగుతుంది. పరిచారకుడు తాడు లాగుతాడు. నెలల తరబడి చేసిన పని గడప పక్కకి పోయి, పిండిన తువ్వాలులా మడతలు పడి వేలాడుతుంది. అందరూ లేచి చేతులు జోడిస్తారు. జోడించి, కళ్ళు మూసుకుంటారు.

మైథిలి రోజూ వెనక గోడకి ఆనుకుని ఇదంతా చూస్తోంది. అక్కణ్ణించి ఆమెకి కనిపించేవి వీపులు.

మామూలు తెర అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. శంఖచక్రాలు, నామం, అంచుల్లో లతలు వేసి ఇచ్చేస్తే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. ఈ పిల్లకి అది చాల్లేదు. డిజైన్ కాలేజీలో చదివిందీ, తర్వాత కాళహస్తిలో చెంగమ్మ దగ్గర కూర్చుని నేర్చిన కలంకారీ, రెండూ కలిపి తెర నిండా యమునను వేసింది. కింది నుంచి పై దాకా నీళ్ళే. సన్నటి నల్లగీతల అలలు. నడిమధ్యలో వేణువంత ఖాళీ, రంగు అంటని గుడ్డ. కృష్ణుడు ఎక్కడా లేడు.

"కృష్ణుడేడమ్మా?" అని కమిటీవాళ్ళు అడిగారు.

"వెనకాల ఉన్నాడుగా అండీ" అంది మైథిలి.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని సరే కట్టేయమన్నారు. తన జవాబు తనకే తెగ నచ్చింది ఆమెకి.

ఆ తెర ఫోటో చూసి చెన్నై నుంచి ఒక గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసింది. ఇస్తే సాపుగా బిగించి, అద్దం వెనక పెట్టి, పైన దీపాలు వేయిస్తానంది. దాని ముందు బల్ల కూడా వేస్తారట. వచ్చినవాళ్ళు ఎంతసేపైనా కూర్చుని చూడొచ్చట. శుక్రవారం మనిషిని పంపిస్తానంది. మైథిలి ఔననలేదు, కాదనలేదు. కానీ తెర తీసేయాల్సి రావచ్చని గుడి అర్చకుడు రంగాచారి చెవిన వేసి పెట్టింది. అప్పట్నుంచి ఆమెకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇస్తే గుడికి ద్రోహం చేసినట్టుంటుంది. ఇవ్వకపోతే తన చేతులకి తానే ద్రోహం చేసుకున్నట్టుంటుంది.

చివరికి బస్సెక్కి కాళహస్తి వెళ్ళింది.

చెంగమ్మ పెరట్లో గుడ్డ తడుపుతోంది. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన గంగాళంలో తెల్లగుడ్డని ముంచి పిసుకుతోంది. పాలు సరిగ్గా పట్టకపోతే తర్వాత వేసే నల్లగీత పాకిపోతుంది. అందుకని ఎంత వయసు మీద పడినా ఆ పని ఇంకొకరికి వదలదు.

"అమ్మా, ఒకటి అడుగుతాను. కోప్పడకూడదు."

"అడుగు మే."

"ఎవరూ చూడనప్పుడు బొమ్మెందుకమ్మా?"

"ఎవురు చూడలా?"

మైథిలి జరిగిందంతా చెప్పింది. మోకాళ్ళ నొప్పులూ, కుళాయి నీళ్ళూ, మడతలూ, గ్యాలరీ బల్ల, ఏదీ వదల్లేదు. చెంగమ్మ గుడ్డ పిసుకుతూనే విన్నది.

"దేవుడి ముందర నిలబడుకోని గూడా కండ్లు మూసుకుంటారు గదా. ఆయనేమన్నా అలిగినాడా?"

"ఆయన దేవుడమ్మా. నేను మైథిలిని."

చెంగమ్మ పకపకా నవ్వింది. "అదీ నిజమేలే" అంది.

మైథిలికి ఇంకా చికాకేసింది. గురువన్నాక గట్టిగా వాదించాలి. ఇలా ఒప్పేసుకుంటే శిష్యురాలు ఎక్కడికి పోవాలి?

"నా పని నలుగురూ చూడాలని నాకు ఆశగా ఉంది. అది తప్పయితే చెప్పండి, మానుకుంటాను. తప్పు కాదంటే తెర చెన్నై పంపేసి గుడికి మామూలుదొకటి వేసిస్తాను. ఏదో ఒకటి చెప్పండమ్మా, తల పగిలిపోతోంది."

"ఆ కొస పట్టుకో" అంది చెంగమ్మ.

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని గుడ్డ పిండారు. ఎండలో పరిచారు. చేతులు కడుక్కున్నాక చెంగమ్మ, "రేపు పొద్దున నేనూ వస్తాలే. ఆ గుడి నేను చూడనే లేదు" అంది.

అంతే చెప్పింది. తిరుగు బస్సులో మైథిలి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అది తెర తీసేయమనడమో, ఉంచమనడమో ఎంతకీ తేలలేదు.

మర్నాడు చెంగమ్మ వచ్చింది. తెర దగ్గరికి పోయి, కళ్ళు చిట్లించి, అలల్ని ఒక్కొక్కటే చూసింది.

"గీత బాగా వొచ్చింది" అంది.

మైథిలికి ప్రాణం లేచొచ్చింది. ఇంకో మాట వస్తుందేమోనని నోటికేసి చూస్తూ నిలబడింది. రాలేదు. చెంగమ్మ అర్చకుడి దగ్గరికి వెళ్ళింది.

"స్వామీ, ఈ పొద్దు తాడు మా పిల్ల లాగుతుంది."

రంగాచారి పైనుంచి కింది దాకా మైథిలిని చూశాడు. "తలంటుకుని వచ్చిందా?"

"వచ్చింది."

"సరే మరి. గంట విని లాగమను."

చెంగమ్మ తాడు తెచ్చి మైథిలి చేతిలో పెట్టింది. "లాగినాక మడతలన్నీ చేతుల్తో అదిమి పట్టుకో, హారతికి తగలకుండా. ఇంకేం లేదు" అని చెప్పి, వెళ్ళి జనంలో కూర్చుంది.

మైథిలి ద్వారబంధం పక్కన నిలబడింది. అక్కణ్ణించి చూస్తే స్వామి కనిపించడు, ద్వారబంధం అడ్డం. తెర మీద బొమ్మా కనిపించదు, గుడ్డ అంచు మాత్రమే. ఎదురుగా ఉన్నవి మొహాలు. ఇన్నాళ్ళూ వీపులుగా తెలిసినవాళ్ళు ఇప్పుడు మొహాలతో ఉన్నారు. ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయింది. మోకాళ్ళ నొప్పులావిడని గొంతుని బట్టి గుర్తుపట్టింది. పక్కన స్తంభం దగ్గర అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒకాయన యూనిఫాంతోనే వచ్చి, టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

గంట మోగింది.

మైథిలికి ఒక దుర్బుద్ధి పుట్టింది. గబుక్కున ఎందుకు లాగాలి? ఈ ఒక్క రోజైనా చూడనీ. తాడుని జానెడు జానెడుగా లాగింది. రింగులు కిర్రుమన్నాయి. మాటలు ఆగిపోయాయి. అన్ని కళ్ళూ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి.

'చూస్తున్నారు!' అనుకుంది.

ఇంకో జానెడు లాగింది. అప్పుడు అనుమానం వచ్చింది. ఆ కళ్ళు అలల మీద లేవు. నడిమధ్య ఖాళీ మీదా లేవు. తెర అంచు జరుగుతుంటే కళ్ళూ దాంతోపాటే జరుగుతున్నాయి. గుడ్డ ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడే చూస్తున్నారు అందరూ. వాచ్‌మన్ మెడ సాచాడు, నోరు కొంచెం తెరుచుకుంది. మోకాళ్ళ నొప్పులావిడ గోడ ఊతం లేకుండా లేచి నిలబడింది. ఎవరో "స్వామీ" అన్నారు, ఇంటి ముందు నిలబడి లోపలి మనిషిని పిలిచినట్టు.

"లాగమ్మాయీ, కర్పూరం అయిపోతోంది!" లోపల్నుంచి రంగాచారి కేకేశాడు.

మైథిలి ఉలిక్కిపడి తాడు మొత్తం లాగేసింది. హారతి వెలుగు మొహాల మీద పడింది. వాళ్ళు కళ్ళు మూసుకున్నారు. వెంటనే కాదు. మూసుకునే ముందు ఒక క్షణం చూశారు. వెనక గోడ దగ్గర నిలబడ్డ మనిషికి ఆ క్షణం సంగతి తెలిసే వీల్లేదు. ఆ క్షణంలో వాచ్‌మన్ మొహం పసిపిల్లాడి మొహంలా అయిపోయింది.

ఆమె తెర మడతల్ని రెండు చేతుల్తో గుండెకి అదుముకుని నిలబడిపోయింది. తానూ పక్కకి తిరిగి దండం పెట్టుకోవచ్చన్న సంగతే గుర్తు రాలేదు.

పూజయ్యాక దొన్నెల్లో పొంగలి పెట్టారు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఏం చూసినావు?"

"తెలీడం లేదమ్మా. వాళ్ళు నా తెరకేసే చూశారు. కానీ నా తెరని చూడలేదు. అది లేకపోతే అలా చూసేవాళ్ళా? ఉత్త తెల్లగుడ్డ కట్టినా అలాగే చూసేవాళ్ళా? అసలు నా పని అక్కడ ఉన్నట్టా, లేనట్టా?"

"ఏమో మే."

"మీకు తెలిసే ఉంటుంది. చెప్పడం లేదు."

చెంగమ్మ పొంగల్లో మిరియాలు ఏరుకుంటోంది.

ఇంతలో రంగాచారి బయటికి వచ్చాడు. "అమ్మాయీ, శుక్రవారం తెర తీసేయాల్సి రావచ్చన్నావు కదా. పాతది ఉతికించి ఉంచనా?"

మైథిలి గురువు వైపు చూసింది. ఆవిడకి ఇంకో మిరియం దొరికింది. అటునుంచి సాయం వచ్చేట్టు లేదు.

"స్వామీ, సాయంత్రం తెర ఎన్నింటికి తీస్తారు?"

"ఆరున్నరకి. ఎందుకూ?"

"తాడు నాకివ్వండి. నేనే వస్తాను."

"పొద్దున లాగినట్టయితే వద్దమ్మా. జనం ఆగలేరు."

"లేదు స్వామీ. గబుక్కున లాగేస్తాను."

రంగాచారి తల ఊపి లోపలికి వెళ్ళాడు. మైథిలి ఫోన్ తీసి చెన్నై ఆవిడకి మనిషిని పంపవద్దని చెప్పింది. ఎందుకని ఆవిడ అడిగింది. ఏం చెప్పాలో తెలియక, ఇక్కడ పని ఉందండీ అని పెట్టేసింది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. సంతోషమో దుఃఖమో అదీ తెలియలేదు.

"అమ్మా, నిజంగా నాకేమీ అర్థం కాలేదు."

చెంగమ్మ దొన్నె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"నాకూ కాలా మే. అయ్యుంటే కలం ఎప్పుడో కింద పెట్టేసి ఉందును."