ఉప్పు లేని ముద్ద

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మనలాంటి ఊరు కాదర్రా, గోదారి నడిమధ్య లంక. ఆ లంకలో అచ్చియ్యమ్మని ఒకావిడ ఉండేది. అవతలి గట్టు మీద ఆవిడ అన్న పేరయ్య. లల్లీ, ఆ దుప్పటి తమ్ముడికి కూడా కప్పు. కాకరపువ్వొత్తుల కోసం కొట్టుకుంటే కొట్టుకున్నారు, చలి ఇద్దరికీ ఒకటే.

దీపావళి వెళ్ళిన రెండోనాడు భగినీ హస్త భోజనం. రేపే. ఆ రోజు అన్నదమ్ములు ఆడపడుచు చేతి అన్నం తినాలి. పేరయ్య ఏటా పడవ దాటి వచ్చేవాడు. వచ్చినవాడు తిని ఊరుకుంటాడా? పప్పులో ఉప్పు లేదనేవాడు, పులుసులో పులుపు లేదనేవాడు. వంకలు పెట్టడం ఆయనకి పుట్టుకతో వచ్చింది. నిరుడు అత్తగారూ తోడికోడళ్ళూ అందరూ ఉండగా, ఉప్పు వెయ్యడం అమ్మ నేర్పలేదా అనేశాడు. అచ్చియ్యమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇక జన్మలో నీకు నా చేత్తో పెట్టను పొమ్మంది. పిలిచినా రానని ఆయనా విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఏడాది పొడుగునా మాటల్లేవు. ఊ కొడుతున్నారా? ఒక్క ఊయే వినపడింది, రెండోది ఏదీ?

ఆ, అలా. మళ్ళీ ఆ రోజు వచ్చింది. పెట్టనంటూనే అన్నీ వండి పెట్టుకుని కూర్చుంది పిచ్చిది, వస్తాడేమోనని. మధ్యాహ్నం దాటాక ఎవరో ఎర్రకళ్ళ మనిషి, భుజాన తాడు వేసుకుని వాకిట్లో నిలబడి దాహం అన్నాడు. చెంబుడు మజ్జిగ ఇచ్చింది. తాగి, పేరయ్య ఇల్లెటమ్మా అన్నాడు. మా అన్నతో నీకేం పనంది. మజ్జిగ పోసిన చేతికి అబద్ధం చెప్పలేక చెప్పేశాడు. వాడు యమభటుడు. పొద్దుగుంకగానే పేరయ్యని తీసుకుపోవాలి.

అచ్చియ్యమ్మ వాడి కాళ్ళమీద పడింది. భటుడు మెత్తబడ్డాడు. మా యమధర్మరాజు కూడా ఈ రోజున చెల్లెలింట్లో తిన్నవాడే, పొద్దుండగా నీ చేతి ముద్ద తింటే నేను ఉత్త తాడుతో పోతానన్నాడు. కానీ తనకై తాను నోరు తెరవాలి. నేనొచ్చినట్టు చెప్పావో, చెప్పిన క్షణమే పట్టుకుపోతానన్నాడు.

గిన్నె నెత్తిన పెట్టుకుని పరుగెత్తిందమ్మా. అప్పటికి పొద్దు తాటిచెట్టెక్కి ఉంది. పడవెక్కింది. సగం దాటేసరికి పడవ ఇసుక మేటలో కూరుకుపోయింది. పడవ తాత ఎంత గెంటినా కదల్లేదు. పొద్దు తాటిచెట్టు దిగి కొబ్బరిచెట్టెక్కింది. ఇక లాభం లేదని మేట మీదకి దూకి, దాని అవతల గుండెల లోతు నీళ్ళలో దిగేసింది. కాలు జారింది. గిన్నె కాస్తా గోదారి పాలైంది. గారెలు, పులిహోర, పరమాన్నం, మొత్తం. ఒట్టి చేతుల్తో గట్టెక్కింది. పొద్దు కొబ్బరిచెట్టు దిగి అరటిచెట్టెక్కింది.

పేరయ్య జ్వరంతో మంచం మీదున్నాడు. పెళ్ళాం పుట్టింటికెళ్ళింది, వాళ్ళన్నకి ముద్ద పెట్టాలిగా మరి. చెల్లెల్ని చూశాడో లేదో, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తప్పయింది అన్నయ్యా, ఒక్క ముద్ద తినమంది. ఏడాదిగా గుర్తులేని అన్న ఇవాళ గుర్తొచ్చాడా అన్నాడు. ఏడ్చింది. గడ్డం పట్టుకుంది. ఊహూ. ఇటు తిరగలేదు. గుమ్మంలోంచి చూస్తే దడి అవతల భటుడు తాడు విప్పుతున్నాడు. పొద్దు అరటిచెట్టు దిగి దడెక్కింది. చెబితే చస్తాడు, చెప్పకపోతే తినడు. ఏం చేస్తుంది?

కళ్ళు తుడుచుకుని లేచింది. కుండలో చద్దన్నం ఉంటే పెరుగు కలిపింది. ఉప్పు జాడీ మీదకి చెయ్యి వెళ్ళింది. ఆగింది. ముద్ద చేసుకుని మంచం పక్కన కూర్చుంది.

"నీకోసం కాదులే అన్నయ్యా, నాకే ఆకలేస్తోంది. ఉప్పు సంగతి నాకెప్పుడు తెలిసింది గనక? సరిపోయిందో లేదో కాస్త చూసి చెప్పు."

పేరయ్య ఇటు తిరిగాడు. జ్వరమొచ్చినా, కోపమొచ్చినా, వంక పెట్టమంటే కాదనే మనిషా? నోరు తెరిచాడు. ముద్ద పెట్టింది. నమిలాడు. నెమ్మదిగా నమిలాడు. అచ్చియ్యమ్మ చూపు దడి మీదే ఉంది. గుటక వేశాడు. పొద్దు దడి దిగిపోయింది.

"ఉప్పే లేదు. నీకిక రాదే," అన్నాడు.

ఆ మాటకి అచ్చియ్యమ్మ భోరుమని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. దడి అవతల ఎవరూ లేరు. దుమ్ములో తాడు ఈడ్చుకుపోయిన గీత మాత్రం ఉంది. ఉప్పు లేదంటే ఇంత ఏడుపేమిటని పేరయ్య కంగారుపడి, పోనీలే, బాగానే ఉంది, ఇంకోటి పెట్టమన్నాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది.

తర్వాత ఏటా పడవ దాటి వచ్చేవాడు. ఏటా మొదటి ముద్దలో ఉప్పు ఉండేది కాదు. ఆయన తిట్టేవాడు, ఆవిడ ముసిముసిగా నవ్వేది. ఎందుకో ఆయనకి చచ్చేదాకా తెలియలేదు. ఆవిడా చెప్పలేదు. పంతాలు పట్టుకోండర్రా, నేను వద్దనను. అన్నం దగ్గర మాత్రం వద్దు.

లల్లీ, రేపు తమ్ముడికి ముద్ద పెడతావా? చంటీ, నోరు తెరుస్తావా? ఏమిటీ, ఉప్పు వేస్తేనేనా? అమ్మయ్య, ఇటు తిరిగాడు వెధవ. కథ కంచి చేరింది, మనం దుప్పట్లో దూరదాం.